కత్తీవో

కత్తీవో అనునది ఇటాలియన్ భాషలో "చెడ్డ", "దుష్టమైన", "దుర్మార్గుడైన" అనే అర్థాలలో వాడే విశేషణం. ఆ భాష నిత్యవ్యవహారంలో తరచుగా వినిపించే మాటలలో ఇది ఒకటి. అల్లరి పిల్లవాడు మొదలు కథలలోని క్రూరుడైన ప్రతినాయకుని వరకు, చెడు వాతావరణం మొదలు దుర్వాసన వరకు అన్నిటికీ ఈ మాట వర్తిస్తుంది. అయితే దీనికి మూలమైన లాటిన్ పదం "కప్తీవుస్"కు మొదట చెడుతనంతో ఎటువంటి సంబంధమూ లేదు. "యుద్ధంలో పట్టుబడినవాడు", "బందీ" అని మాత్రమే దాని అర్థం. నేరం చేయని బందీని సూచించే పదం కాలక్రమంలో దుర్మార్గుని సూచించే పదంగా మారిన తీరు, పదాల అర్థ పరిణామాన్ని అధ్యయనం చేసేవారికి ఒక ప్రసిద్ధ ఉదాహరణ.

రూపాలు, ఉచ్చారణ

ఈ పదంలో "త్త" ద్విత్వాక్షరాన్ని స్పష్టంగా పలుకుతారు. ఊనిక రెండవ అక్షరమైన "త్తీ"పై ఉంటుంది. ఇటాలియన్ విశేషణాలు లింగ వచనాలను అనుసరించి మారుతాయి కనుక దీనికి నాలుగు రూపాలు ఉన్నాయి.

* కత్తీవో - పుంలింగ ఏకవచనం
* కత్తీవా - స్త్రీలింగ ఏకవచనం
* కత్తీవి - పుంలింగ బహువచనం
* కత్తీవే - స్త్రీలింగ బహువచనం

"దుష్టత్వం", "దుర్మార్గం" అనే భావాన్ని తెలిపే నామవాచకం "కత్తివేరియా". పిల్లల కొంటెతనాన్ని ముద్దుగా చెప్పడానికి "కత్తివెల్లో" అనే రూపం ఉన్నది. "మిక్కిలి చెడ్డ" అని చెప్పడానికి "కత్తివిస్సిమో" అంటారు. తెలుగులోని "కత్తి" అనే మాటతో దీనికి పోలిక కేవలం శబ్దసామ్యం మాత్రమే. ఈ రెండింటికీ సంబంధం లేదు.

వ్యుత్పత్తి

లాటిన్ భాషలో "కపెరె" అనే క్రియకు "పట్టుకొను", "తీసుకొను" అని అర్థం. "పట్టుబడిన" అనే అర్థంలో దాని రూపం "కప్తుస్". దీనినుండి "కప్తీవుస్" ఏర్పడినది. తెలుగులో "పట్టు" అనే ధాతువునుండి "పట్టుబడినవాడు" అనే మాట ఏర్పడిన విధంగానే ఇదీ ఏర్పడినదని గ్రహించవచ్చును.

"కపెరె" సంతతి చాలా పెద్దది. "అర్థం చేసుకొను" అనే భావంలో ఇటాలియన్లు వాడే "కపీరె" (విషయాన్ని మనసుతో పట్టుకొనుట), ఆంగ్లం ద్వారా తెలుగువారికి పరిచయమైన "కెపాసిటీ", "కాన్సెప్ట్" మొదలైనవి ఈ ధాతువు నుండి పుట్టినవే. క్రికెట్ ఆటలో వినిపించే "క్యాచ్" కూడా ఫ్రెంచి మాండలికం మీదుగా ఇదే మూలం నుండి వచ్చినది. "పిచ్చివాడు" అనే అర్థంగల ఇటాలియన్ పదం "మెంతెకాత్తో" కూడా ఈ కుటుంబానిదే. మనసు పట్టుబడినవాడు, అనగా మతి తప్పినవాడు అని దాని మూలార్థం.

ధ్వని మార్పు

లాటిన్ "ప్త" ఇటాలియన్‌లో "త్త"గా మారడం ఒక క్రమబద్ధమైన సూత్రం. లాటిన్ "సెప్తెమ్" (ఏడు) ఇటాలియన్‌లో "సెత్తె" అయినది. "స్క్రిప్తుమ్" (వ్రాయబడినది) "స్క్రీత్తో" అయినది. "ఓప్తిముస్" (ఉత్తమమైన) "ఓత్తిమో" అయినది. అదే విధంగా "కప్తీవుస్" కూడా "కత్తీవో" అయినది.

ఇటువంటి మార్పే భారతదేశంలో సంస్కృతం నుండి ప్రాకృతానికి వచ్చునప్పుడు జరిగినది. సంస్కృత "సప్త" ప్రాకృతంలో "సత్త" అయినది. శాతవాహన రాజైన హాలుడు సంకలనం చేసినట్లు ప్రసిద్ధి పొందిన గాథాసప్తశతి ప్రాకృత నామం "గాహా సత్తసఈ" అగుట ఇందుకు నిదర్శనం. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా రెండు దేశాలలో ఒకే విధమైన మార్పు జరిగినది. జంట హల్లులలో మొదటిది రెండవదానిలో కలిసిపోవడమే రెండు చోట్లా జరిగిన పని.

ప్రాచీన రోమ్‌లో "కప్తీవుస్"

ప్రాచీన రోమన్ల కాలంలో యుద్ధంలో ఓడి పట్టుబడినవారిని బానిసలుగా అమ్మేవారు. శత్రువులకు చిక్కిన రోమన్ పౌరుడు కూడా తన పౌరహక్కులను కోల్పోయేవాడు. తిరిగి స్వదేశం చేరితే వాటిని మళ్ళీ పొందడానికి రోమన్ న్యాయశాస్త్రంలో ప్రత్యేకమైన నియమం ఉండేది. అనగా బందీ కావడం దురదృష్టమే కానీ దోషం కాదు. రాజుకైనా, సైనికునికైనా, సామాన్యునికైనా ఆ స్థితి రావచ్చును.

క్రీ.పూ. 184లో మరణించినట్లు చెప్పబడే నాటకకర్త ప్లౌతుస్ "కప్తీవీ" (బందీలు) అనే నాటకం రచించాడు. యుద్ధంలో తమ యజమానితో పాటు పట్టుబడిన ఒక బానిస, యజమాని వేషం తాను ధరించి, అతడు బయటపడి స్వదేశం చేరేలా చేస్తాడు. మోసం బయటపడి రాతిగనులలో శిక్ష అనుభవించవలసి వచ్చినా చేసిన పనికి చింతించడు. చివరకు అతడు తనను బంధించిన గృహస్థునికే చిన్ననాడు తప్పిపోయిన కుమారుడని తెలుస్తుంది. ఈ నాటకంలో అందరికంటే ఉత్తముడు బందీయే. "కత్తీవో" పదానికి నేడున్న అర్థం ఆనాటి ప్రేక్షకులకు ఊహకైనా అందనిదని దీనినిబట్టి తెలుస్తున్నది.

అర్థ పరిణామం

బందీ దుర్మార్గుడుగా ఎలా మారాడు అనే ప్రశ్నకు రెండు వివరణలు ఉన్నాయి.

మతపరమైన వివరణ

ఎక్కువ నిఘంటువులలో కనిపించే వివరణ ఇది. క్రైస్తవ మతం వ్యాపించిన తరువాత లాటిన్‌లో "కప్తీవుస్ దియాబొలీ" అనే పదబంధం ఏర్పడినది. "సాతానుకు బందీ అయినవాడు" అని దీని అర్థం. బైబిల్ కొత్త నిబంధనలో ఈ భావానికి ఆధారాలు ఉన్నాయి. తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక 2వ అధ్యాయంలో అపవాది పన్నిన ఉరిలో చిక్కి, వాని ఇష్టప్రకారం నడిచేవారి ప్రస్తావన ఉన్నది. రోమీయులకు వ్రాసిన పత్రిక 7వ అధ్యాయంలో పాపం మనిషిని చెరపట్టుతుందన్న భావన ఉన్నది. సెయింట్ అగస్టీన్ (354-430) తన ఆత్మకథాత్మక గ్రంథంలో, తనను బంధించినది పరుల ఇనుప సంకెల కాదని, తన ఇచ్ఛయే తనకు సంకెల అయినదని వర్ణించాడు.

ఈ భావన ప్రచారమైన కొలదీ "సాతాను" అనే మాట చెప్పకపోయినా "బందీ" అంటే పాపానికి బందీ అయినవాడే అనే అర్థం స్థిరపడినది. తెలుగులో దుష్ప్రవర్తన గలవానిని "వాడికి దయ్యం పట్టింది" అనడం వాడుకలో ఉన్నది. ఇక్కడ కూడా చెడు చేసేవాడు ఏదో ఒక శక్తికి "పట్టుబడిన" వాడే. ఈ పోలిక ద్వారా లాటిన్ పదబంధంలోని భావన సులభంగా బోధపడుతుంది.

సామాజిక వివరణ

రెండవ వివరణకు మతంతో నిమిత్తం లేదు. బందీ అయినవాడు దీనుడు. దీనుడు బలహీనుడు. బలహీనుని లోకం పిరికివాడని, పనికిమాలినవాడని అంటుంది. పనికిమాలినవాడు చివరకు చెడ్డవాడు అవుతాడు. ఈ విధంగా "బందీ - దీనుడు - నీచుడు - దుర్మార్గుడు" అనే మెట్ల మీదుగా అర్థం దిగజారినదని ఈ వివరణ సారాంశం.

రెండింటి పరిశీలన

సామాజిక వివరణకు ఫ్రెంచి భాష బలమైన సాక్ష్యం. ఇదే లాటిన్ పదం నుండి వచ్చిన ప్రాచీన ఫ్రెంచి "చైతిఫ్" మొదట "బందీ" అని, తరువాత "దీనుడు" అని అర్థమిచ్చినది. నేటి ఫ్రెంచిలో "షెతీఫ్" అంటే "బక్కచిక్కిన", "అర్భకమైన" అని అర్థం. అనగా ఫ్రెంచి పదం మధ్య మెట్టుపైనే ఆగిపోయినది. అయితే మెట్లున్నాయని చూపడానికే ఇది సరిపోతుంది; చివరి మెట్టు వరకు ఇటాలియన్ మాత్రమే ఎందుకు దిగినదో తెలియజేయదు. మతపరమైన వివరణ ఆ చివరి మెట్టును స్పష్టంగా చూపుతుంది. కనుక రెండింటిలో ఒకటి నిజం, మరొకటి అబద్ధం అని భావించనవసరం లేదు. బందీ పట్ల లోకానికున్న చులకన భావం, పాపి ఒక బందీ అనే బోధన - ఈ రెండూ కలిసి పదాన్ని ఒకే దిశకు నెట్టినవని చెప్పవచ్చును.

ఇందులో గమనింపదగిన విషయం మరొకటి ఉన్నది. బందీలను విడిపించడం క్రైస్తవ ధర్మంలో గొప్ప పుణ్యకార్యంగా పరిగణించబడినది. మిలాన్ బిషప్ సెయింట్ ఆంబ్రోస్ (క్రీ.శ. 374-397 మధ్య పదవిలో ఉన్నాడు) బందీల విడుదలకు ధనం సమకూర్చడానికి చర్చిలోని పవిత్ర పాత్రలను కరిగించాడు, దానిపై విమర్శ వచ్చినప్పుడు తన చర్యను సమర్థించుకున్నాడు. బందీని కరుణించమని బోధించిన మతపు భాషలోనే "బందీ" అనే మాట పాపికి ఉపమానం కావడం ఒక వైచిత్రి.

దాంతే రచనలో

ఇటాలియన్ మహాకవి దాంతే అలిగియేరి 14వ శతాబ్దం తొలినాళ్ళలో రచించి, 1321లో తాను మరణించే నాటికి పూర్తిచేసిన "దివీనా కొమ్మేదియా" కావ్యంలో ఈ పదం పాత, కొత్త అర్థాలు రెండూ కనిపిస్తాయి. నరకకాండ 30వ సర్గలో ట్రాయ్ నగర పతనం తరువాత గ్రీకులకు చిక్కిన వృద్ధరాణి హెక్యుబాను వర్ణిస్తూ కవి "కత్తీవా" అంటాడు. ఇక్కడ "బందీ అయిన స్త్రీ" అనే మూలార్థమే ఉన్నది. బిడ్డలను పోగొట్టుకొని పరాయివారి చెరలో ఉన్న ఆమెపట్ల కవికి ఉన్నది జాలి మాత్రమే.

అదే కాండ 3వ సర్గలో మాత్రం నరకద్వారం దాటగానే కనిపించే ఒక గుంపును "కత్తీవి" అంటాడు. వీరు బ్రతికినంతకాలం మంచి పక్షం గాని చెడు పక్షం గాని వహించకుండా తమను తాము చూసుకున్నవారు. వీరిని స్వర్గం స్వీకరించదు. నరకం కూడా లోపలికి రానీయదు. ఇక్కడ "అధములు", "పిరికివారు" అనే అర్థం ఉన్నది. ఒకే కావ్యంలో ఒకే పదం ఒకచోట జాలిని, మరొకచోట ఏవగింపును తెలుపుతున్నది. అర్థం మారుతున్న కాలంలో పదం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఇది మంచి ఉదాహరణ.

సోదర భాషలలో

లాటిన్ "కప్తీవుస్" నుండి వచ్చిన పదాలు వేరువేరు భాషలలో వేరువేరు దారులు పట్టినవి.

* ఇటాలియన్ "కత్తీవో" - చెడ్డ, దుష్టమైన
* ఫ్రెంచి "షెతీఫ్" - బక్కచిక్కిన, బలహీనమైన
* స్పానిష్ "కౌతీవో" - బందీ
* పోర్చుగీసు "కతీవు" - బందీ
* ఆంగ్లం "కేటిఫ్" - నీచుడు, పిరికివాడు (ఫ్రెంచి నుండి వచ్చినది, నేడు వాడుకలో లేదు)
* ఆంగ్లం "క్యాప్టివ్" - బందీ (తరువాత కాలంలో లాటిన్ మూలాన్ని అనుసరించి చేరినది)

స్పానిష్‌లో మూలార్థం చెడకుండా నిలవడానికి చరిత్రలో ఒక కారణం కనిపిస్తుంది. మధ్యధరా సముద్రంలో ఓడదొంగల దాడుల వలన స్పెయిన్ తీరవాసులు శతాబ్దాలపాటు బందీలుగా పట్టుబడుతూ ఉండేవారు. బందీలను ధనమిచ్చి విడిపించడానికే 1198లో ట్రినిటేరియన్ సన్యాసి సంఘం, 1218లో బార్సిలోనాలో మెర్సెడేరియన్ సంఘం ఏర్పడినవి. "డాన్ క్విక్సోట్" రచయిత సెర్వాంటెస్ స్వయంగా 1575 నుండి 1580 వరకు అల్జీర్స్‌లో బందీగా ఉన్నాడు. ఆ నవల మొదటి భాగంలో (1605) ఒక బందీ కథ కూడా ఉన్నది. ప్రతి ఊరిలోను ఎవరో ఒకరి తండ్రియో కుమారుడో బందీగా ఉండి, వారి కొరకు చందాలు పోగుచేసే సమాజంలో ఆ మాట తిట్టుగా మారే అవకాశం తక్కువ.

పోర్చుగీసులో దీనికి సంబంధించిన "కతివార్" అనే క్రియకు "బంధించు" అనే అర్థంతో పాటు "మనసును ఆకట్టుకొను" అనే మంచి అర్థం కూడా ఏర్పడినది. ఫ్రెంచి రచన "లిటిల్ ప్రిన్స్" (1943) పోర్చుగీసు అనువాదంలో, నక్క తనను మచ్చిక చేసుకొమ్మని కోరే ఘట్టంలో ఈ క్రియనే వాడారు. ఆంగ్లంలోని "క్యాప్టివేట్" కూడా ఇటువంటిదే. ఒకే ధాతువు ఒక దేశంలో దుర్మార్గానికి, మరొక దేశంలో అనురాగానికి గుర్తుగా నిలిచినది.

ఆధునిక వాడుక

నేటి ఇటాలియన్‌లో "కత్తీవో" పదానికి "బువోనో" (మంచి) వ్యతిరేక పదం. దీని ప్రధానమైన వాడుకలు ఈ విధంగా ఉన్నాయి.

* వ్యక్తి స్వభావం: క్రూరుడు, దయలేనివాడు. పిల్లల విషయంలో మాట విననివాడు, అల్లరివాడు అని మాత్రమే అర్థం. పిల్లల కథలలోని తోడేలును "లూపో కత్తీవో" అంటారు.
* నాణ్యత: రుచి, వాసన, వాతావరణం మొదలైనవి బాగుండకపోవడం. "కత్తీవో తెంపో" అంటే చెడు వాతావరణం.
* జాతీయం: "కొన్ లె బువోనె ఓ కొన్ లె కత్తీవె" అంటే నయానో భయానో అని అర్థం.

సెర్జియో లియోనే దర్శకత్వంలో 1966లో విడుదలైన చలనచిత్రం "ఇల్ బువోనో, ఇల్ బ్రుత్తో, ఇల్ కత్తీవో" పేరులో ఈ పదం ప్రపంచమంతటికీ పరిచయమైనది. "మంచివాడు, వికారి, చెడ్డవాడు" అని దీని క్రమం. ఆంగ్లంలో "ద గుడ్, ద బ్యాడ్ అండ్ ది అగ్లీ" అని చివరి రెండు పదాలను తారుమారు చేశారు. ఇందులో లీ వాన్ క్లీఫ్ "కత్తీవో" పాత్రను పోషించాడు. 2010లో వచ్చిన "డెస్పికబుల్ మి" యానిమేషన్ చిత్రానికి ఇటలీలో "కత్తివిస్సిమో మె" అని పేరు పెట్టారు.

పాత అర్థం ఇటాలియన్‌లో పూర్తిగా నశించలేదు. "చెర" అనే అర్థంలో "కత్తివితా" అనే నామవాచకం నేటికీ నిలిచి ఉన్నది. జంతుప్రదర్శనశాలలలో పెరిగే జంతువులను "ఇన్ కత్తివితా" (బంధనంలో) ఉన్నవని చెప్తారు. 1309 నుండి 1377 వరకు పోపులు ఫ్రాన్స్‌లోని అవిన్యాన్ నగరంలో నివసించిన కాలాన్ని "కత్తివితా అవిన్యొనేసె" అంటారు. "కత్తివితా" అంటే చెర, "కత్తివేరియా" అంటే దుర్మార్గం. ఒకే మూలం నుండి పుట్టిన ఈ రెండు మాటలు నేడు పక్కపక్కనే ఉన్నా, బందీని పేర్కొనడానికి మాత్రం "ప్రిజొనియేరో" అనే వేరొక పదాన్ని వాడవలసి వస్తున్నది.

చెడును తెలిపే ఇతర పదాలు

దురదృష్టవంతుని లేదా తక్కువ స్థితిలో ఉన్నవానిని సూచించే మాట దుర్మార్గుని సూచించడం ఒక్క "కత్తీవో"కే పరిమితం కాదు.

* ఇటాలియన్ "మల్వాజో", ఫ్రెంచి "మొవే" (చెడ్డ), స్పానిష్ "మల్వాదో" (దుర్మార్గుడు) - ఇవన్నీ "చెడు తలరాత గలవాడు" అనే అర్థంగల వ్యావహారిక లాటిన్ పదం నుండి వచ్చినవి.
* ఫ్రెంచి "మేషాఁ" (దుష్టుడు) - మొదట "ఆపద పాలైనవాడు" అని అర్థం.
* రొమేనియన్ "రఉ" (చెడ్డ) - లాటిన్‌లో "రెయుస్" అంటే ఆరోపణ ఎదుర్కొంటున్నవాడు. నిందితుడే దోషిగా మారాడు.
* ఇటాలియన్ "మెస్కీనో" (అల్పబుద్ధి) - అరబ్బీ "మిస్కీన్" (పేదవాడు) నుండి వచ్చినది. ఉర్దూలో ఈ మాట నేటికీ పేద, దీన అనే అర్థంలోనే ఉన్నది.
* ఆంగ్లం "విలన్" - లాటిన్ "విల్లానుస్" నుండి ఫ్రెంచి ద్వారా వచ్చినది. జమీందారు పొలంలో పనిచేసే పల్లెటూరివాడు అని మూలార్థం. తెలుగు సినిమాలలో విలన్ సాధారణంగా ఆ పొలానికి యజమాని కావడం గమనార్హం.

జర్మన్ భాషలో "ష్లెఖ్ట్" (చెడ్డ) అనే పదానికి మొదట "సాదాసీదా" అని అర్థం ఉండేదని, సామాన్యులను సూచించే పదమే చెడును సూచించే పదమైనదని తత్త్వవేత్త నీషే 1887లో వెలువరించిన గ్రంథంలో పేర్కొన్నాడు. ఆంగ్ల రచయిత సి.ఎస్. లూయిస్ "స్టడీస్ ఇన్ వర్డ్స్" (1960) గ్రంథంలో, సాంఘిక స్థాయిని తెలిపే పదాలు నైతిక గుణాలను తెలిపే పదాలుగా మారే ధోరణిని వివరించాడు. పదాలకు అర్థాలను స్థిరపరచినవారు ఎక్కువగా గెలిచినవారు, కలిగినవారు కావడం వలన ఓడినవారి పేర్లు, లేనివారి పేర్లు తిట్లుగా మారినవని ఈ ఉదాహరణల వలన తెలుస్తున్నది.

దీనికి వ్యతిరేక దిశలో జరిగిన మార్పు కూడా ఇటాలియన్‌లోనే ఉన్నది. స్నేహితులు పలకరించుకొనే "చావ్" అనే మాట, వెనిస్ ప్రాంతంలో "మీ బానిసను" అని వినయంగా చెప్పే మాటనుండి పుట్టినది. బందీ పేరు తిట్టు కాగా బానిస పేరు పలకరింపు అయినది.

తెలుగుతో పోలిక

పదం యొక్క అర్థం గౌరవం కోల్పోయి హీనమైన అర్థంలోకి దిగడాన్ని తెలుగు భాషాశాస్త్రంలో "అర్థాపకర్ష" అంటారు. ప్రాచీన తెలుగులో "కంపు" అంటే వాసన, పరిమళం అని అర్థం. నేడు దుర్వాసన అని మాత్రమే అర్థం. "ఛాందసుడు" అంటే వేదం చదివినవాడు. నేడు పాత ఆచారాలను మూర్ఖంగా పట్టుకొని వేలాడేవాడు. దైవసేవ అనే అర్థంగల "కైంకర్యం" వ్యవహారంలో పరుల సొమ్మును కాజేయడం అనే అర్థం పొందినది. "కత్తీవో" కూడా ఈ తరగతికి చెందినదే.

అయితే "కత్తీవో"తో పోల్చదగిన తెలుగు మాట మరొకటి ఉన్నది. అది "పాపం". సంస్కృతం నుండి వచ్చిన ఈ పదానికి దుష్కృత్యం అని అర్థం. కానీ కష్టంలో ఉన్నవానిని చూసినప్పుడు తెలుగువారు "అయ్యో, పాపం!" అంటారు. ఇటాలియన్‌లో జాలిపడదగినవాని పేరు దుర్మార్గుని పేరైనది. తెలుగులో దుర్మార్గాన్ని తెలిపే మాట జాలిని తెలిపే మాట కూడా అయినది. ఇటాలియన్ పదం పాత అర్థాన్ని వదిలి కొత్త అర్థంలో స్థిరపడగా, తెలుగు పదం రెండు అర్థాలనూ నిలుపుకొన్నది. "పాపం చేశాడు" అన్నా, "పాపం, ఏం చేస్తాడు" అన్నా వినేవారికి ఎటువంటి సందేహమూ కలుగదు.

ఇవి కూడా చూడండి

* ఇటాలియన్ భాష
* లాటిన్ భాష
* రోమాన్స్ భాషలు
* అర్థ పరిణామం
* ప్రాకృతం
* గాథాసప్తశతి
* దాంతే అలిగియేరి